కంప్యూటరు తెరయు, వాడువారి మొరయు

వంటయింటి అలమారలో ఉప్పుజాడీ యెక్కడ నున్నదో మన కంటికంటె చేతికే బాగుగ తెలియును. పొయ్యిమీద పప్పు పొంగుచుండగా మనము తల త్రిప్పకయే చేయి చాచుదుము. జాడీ చేతికి తగులును. ఇట్టి యింటికి క్రొత్తకోడలు వచ్చి, పాత యమరికలో క్రమము లేదని తలచి, డబ్బాల నన్నిటిని పరిమాణము ననుసరించి వరుసగా సర్ది, ఒక్కొక్కదానికి చీటి యంటించినదనుకొనుడు. అలమార చూడ ముచ్చటగానే యుండును. కాని యత్తగారి చేయి నెలదినములు వెదకుచునే యుండును. కోడలు చేసిన పని తప్పు కాదు; చీటీలు లేని డబ్బాలలో ఏది ధనియాలపొడియో, ఏది సాంబారుపొడియో ఆమెకు తెలియుట యెట్లు? అత్తగారి మొరయు తప్పు కాదు. ఇరువది యేండ్లు చేయి నేర్చిన విద్య యొక్క పూటలో వ్యర్థమైనప్పుడు ఎవరికి మాత్రము కష్టము తోపదు?

ఇట్టి వివాదమే నేడు కంప్యూటరు తెరమీద జరుగుచున్నది. ఒక ప్రోగ్రాములో తెరమీద కనబడు మీటలు, పట్టీలు, బొమ్మలు, అక్షరములు, వాని వరుస, వీని నన్నిటిని కలిపి దాని ముఖ మందము. ఆ ముఖమును మార్చినప్పుడెల్ల వాడువారినుండి మొరలు వచ్చును, మెప్పులును వచ్చును. ఒకరు కోరినది మరియొకరికి గిట్టదు. అప్పుడు చేయువారు ఎవరి మాట వినవలెను? ఇది యంత్రవిద్య నేర్చినవారి సమస్య గదా, గృహిణుల కేమి పని యని కొందరు సోదరీమణు లనవచ్చును. కాని పాఠశాలల కార్యాలయములందు, ఆసుపత్రుల కౌంటర్లయందు, బ్యాంకులయందు, ఇంటనే కూర్చుండి డీ.టీ.పీ. పని చేయు చోట్లను నేడు కీబోర్డుమీద నున్న చేతులలో స్త్రీల చేతులు తక్కువ కావు. ముఖము మారినప్పుడు కలుగు నలత మనది. కావున దానినిగూర్చి విచారించుటయు మన పనియే.

మేము కాపురముండునది అమీర్‌పేటకును పంజగుట్టకును నడుమ. అమీర్‌పేట యనగానే మైత్రీవనము, ఆదిత్య ఎన్‌క్లేవు, గోడలనిండ కంప్యూటరు కోర్సుల బోర్డులు, సందుసందున హాస్టళ్లు తెలుగునాట నెల్లెడల ఎరిగినవే. ఊరినుండి పెట్టెతో దిగిన పిల్లలు ఇచట కొన్ని నెలలు చదివి సాఫ్టువేరు చేయువా రగుచున్నారు. 2017 నవంబరులో మెట్రోరైలు అమీర్‌పేటకు వచ్చినది. 2018 సెప్టెంబరులో ఆ మార్గము పంజగుట్టమీదుగా ఎల్.బి. నగరము వరకు సాగినది. ఇప్పుడు అమీర్‌పేటలో ఎక్కినవారికి మరుసటి స్టేషనే పంజగుట్ట. సాఫ్టువేరు చేయ నేర్చువారు ఈ కొసను. నిమ్స్ ఆసుపత్రి చుట్టునున్న మందుల దుకాణములలో, బట్టల దుకాణములలో, బడుల ఫీజు కౌంటర్లలో దానిని వాడువారు ఆ కొసను. నడుమ నున్నది ఒక్క స్టేషను దూరము. అయినను వీరు వారిని పని చేయుచుండగా చూచుట అరుదు. మేము చెప్పబోవు సంగతి యీ దూరమును గూర్చినదే.

మా వారివద్ద చదువుకొనిన యొక యమ్మాయి యిప్పుడు అమీర్‌పేటలోని యొక చిన్న సంస్థలో ఉద్యోగము చేయుచున్నది. ఆ సంస్థవారు పాఠశాలల కార్యాలయములకు పనికివచ్చు ప్రోగ్రాము నొకదానిని తయారుచేయుదురు. ఫీజుల రసీదులు, హాజరు, మార్కుల జాబితాలు అన్నియు నందులోనే. అది సెల్‌ఫోనులో నుండునది గాదు. కార్యాలయపు బల్లమీది కంప్యూటరులోనే నెలకొని యుండు డెస్కుటాపు ప్రోగ్రాము. ఇంటర్నెట్టు ఆగినను రసీదు ఆగదు. అందువలననే చిన్నబడులవారు దానిని విడువలేదు. దాని పాతముఖము చాలయేండ్ల నాటిది: బూడిదరంగు తెర, ఇరుకు గడులు, ఒక్కచోటనే నలుబది మీటలు. గత వేసవిలో సంస్థవారు దానికి క్రొత్తముఖము తొడిగిరి: తెల్లని తెర, పెద్ద బొమ్మలు, విశాలమైన చోటు. జూనులో బడులు తెరచిరి. జూలై గడచునప్పటికి మొరలు కట్టలుగా వచ్చి పడినవి. వానిని చదివి యేమేమి మార్చవలెనో తేల్చు పని పైయధికారి యీ యమ్మాయికి అప్పగించెను. "లెక్కపెట్టి తీసుకురా, ఎక్కువమంది ఏది అడిగితే అది చేసేద్దాం" అని యాయన యాజ్ఞ.

ఒక యాదివారము సాయంకాలము ఆమె యా కాగితముల కట్టతో మా యింటికి వచ్చెను. "అమ్మగారూ, లెక్క పెట్టేశాను. కాని ఆ లెక్క చూస్తే మనసొప్పటం లేదు. మీరూ మాస్టారూ ఒకసారి చూడండి" అనెను. మా వారి పాఠశాలలో వాడునదియు నా ప్రోగ్రామే. కావున ఆ మొరలలో కొన్ని మే మెరిగినవారివే.

ఫీజు గుమాస్తాగారి మొర యిది. పూర్వ మాయన అడ్మిషను నంబరు కొట్టి, ఎంటరు నొక్కి, సొమ్ము కొట్టి, మరల ఎంటరు నొక్కి, ఎఫ్-5 మీటతో రసీదు తీసెడివారు. మౌసు ముట్టెడివారు కారు. ఆయన చూపు తెరమీద గాక, ఎదుట నిలిచిన తలిదండ్రులమీదను, వారిచ్చిన నోట్లమీదను ఉండెడిది. క్రొత్తముఖములో ఆ మీటలు పనిచేయవు. అంచెయంచెకును మౌసుతో బొమ్మ వెదకి నొక్కవలెను. జూనుమాసపు వరుస బడిగేటు దాటి వీధిలోనికి పోయెను.

అదే బడిలో మూడునెలల కొకసారి మార్కులు ఎక్కించు ఉపాధ్యాయిని వ్రాసినది దీనికి పూర్తిగ వ్యతిరేకము. పాతతెర అడవివంటిదనియు, ప్రతిసారియు ఎవరినో బ్రతిమాలి త్రోవ తెలిసికొనవలసి వచ్చెడిదనియు, క్రొత్తది చూడగనే తెలియుచున్నదనియు, దయచేసి పాతదానిని మరల తేవలదనియు ఆమె వ్రాసెను. కరస్పాండెంటుగారు మొదటి తెరమీదనే వసూళ్ల పటము రంగులతో కనబడవలెననిరి. మరియొకచోటి వృద్ధుడగు లెక్కల గుమాస్తా, లేతబూడిదరంగు సన్నని యక్షరములు తన కంటి కానవనిరి. క్రొత్తరంగు బాగులేదనువారు అందరికంటె నెక్కువ. తమకు కావలసిన మీట నొకదానిని ముందుతెరమీద పెట్టుమనువారును అనేకులు. అట్లందరి మీటలను పెట్టినచో మరల ఆ నలుబది మీటల పాతతెరయే యగును.

కట్టయడుగున నున్న యొక యుత్తరము మాత్రము వేరు. దూరపుటూరి ఉపాధ్యాయిని వ్రాసినది. పరీక్షకు రాని విద్యార్థికి పాతతెరలో "ఏబీ" అని గుర్తు పెట్టెడివారు. క్రొత్తదానిలో ఆ వీలు లేదు. గడి ఖాళీగా విడిచినచో నది సున్నగా మారుచున్నది. జ్వరముతో రాని పిల్లవాడు సున్నమార్కులతో తప్పినవాడుగా ప్రోగ్రెసు కార్డునకెక్కి తండ్రిచే దెబ్బలు తినెనట. ఇట్టి మొర కట్ట మొత్తముమీద ఒక్కటే. అమ్మాయి వేసిన లెక్కలో నిది చివర నున్నది. రంగు బాగులేదను మొర మొదట నున్నది. ఆమె మనసొప్పకపోవుటకు కారణ మదియే.

మాకు కంప్యూటరు విద్య రాదు. మేము ఇంటనే నాయనగారివద్ద కావ్యములును వ్యాఖ్యానములును చదువుకొన్నవారము. అయినను ఆ కట్టను చూడగానే పాఠాంతరములు జ్ఞప్తికి వచ్చినవి. సి.పి. బ్రౌను దొర 1820లో కడపకు వచ్చి, పిదప అచట నిల్లు కొని, పండితులను నియమించి, ఒక్కొక్క గ్రంథమునకు దొరకినన్ని వ్రాతప్రతులు తెప్పించి, పోల్చి చూపించి, శుద్ధప్రతులు వ్రాయించిన సంగతి సోదరీమణు లెరుగుదురు. అట్టి పరిష్కరణమున మొదటి సూత్రము, ప్రతుల సంఖ్య ప్రమాణము కాదని. ఒక తప్పుప్రతిని చూచి పదుగురు వ్రాసికొన్నచో ప్రతులు పదియైనను సాక్షి యొక్కడే. మరియొక మూల దొరకిన యొంటరిప్రతి సరియైన పాఠమును చూపవచ్చును.

ఈ మాట చెప్పి, రంగునుగూర్చిన యుత్తరములను మరల చదువుమంటిమి. చదువగా వానిలో చాలవరకు ఒకే వాక్యము, ఒకే యక్షరదోషముతో సహా, కనబడెను. ఎవరో యొకరు వ్రాసినదానిని వాట్సాప్ గుంపులో పంచగా, తక్కినవారు తమ పేరు మార్చి పంపిరి. ఆ కుప్ప యంతయు నించుమించుగ నొక్క సాక్షి. ఏబీ గుర్తు లేని యుత్తరమో, తానై చూచి, తానై నొచ్చి వ్రాసినది. మార్కు లెక్కించినవారు ఎందరో యుందురు. సున్న పడిన సంగతి గమనించినవారు ఒక్కరే. మౌనముగ నున్నవారందరు సుఖముగ నున్నారని తలచుట పొరపాటు.

రెండవ సూత్రమును గలదు. పాఠము చెడినచోట లేఖకుడు తడబడెనని మనకు తెలియును. కాని యతడు దిద్దిన దిద్దుబాటే సరియనుటకు వీలులేదు. మొరయు నట్టిదే. నొప్పి యెక్కడనో మొరపెట్టినవారు చెప్పినంత నిజముగా మరెవ్వరును చెప్పలేరు. మందును గూర్చి వారు చెప్పునది మాత్రము విచారింపవలసినది. కడుపునొప్పి యని వచ్చినవాని మాట వైద్యుడు నమ్మవలసినదే. ఫలానా గోలీ యిమ్మన్నంత మాత్రమున నిచ్చివేయరాదు గదా.

ఈ భేదమును తెలుపు దృష్టాంత మొకటి లోకప్రసిద్ధము. మైక్రోసాఫ్టువారి వర్డు నెరుగనివారు లేరు. 1989లో విండోసుకై వెలువడిన తొలి వర్డులో మీటలపట్టీలు రెండే. అడిగినదెల్ల చేర్చుచు పోగా 2003 నాటి వర్డులో ఆ పట్టీలు 31 అయినవి. ప్రక్కన తెరచుకొను పలకలు 19 వేరుగ నుండెను. నడుమ, 2000 నాటి ఆఫీసులో, అరుదుగా వాడువానిని మెనూ తానే దాచివేయునట్లు చేసిరి. ఉద్దేశము మంచిదే, కాని రాత్రికి రాత్రి యెవరో వచ్చి, మనము నాలుగునాళ్లు ముట్టని డబ్బాలను అటక యెక్కించినట్లాయెను. నిన్న కనబడినది నేడు కనబడదు. అందువలన కలత తగ్గుటకు మారు హెచ్చెను.

పిమ్మట కొత్త యమరికకు పూనుకొనిన జెన్సన్ హ్యారిస్ మొదలగువారు మొరలను వినుటతో తృప్తిపడక, సమ్మతించినవారి వాడుక లెక్కలను సేకరించి చూచిరి. వర్డు 2003లో పేస్టు, సేవ్, కాపీ, అండూ, బోల్డు అను నైదు ఆజ్ఞలే మొత్తము వాడుకలో సుమారు 32 శాతమని తేలెను. అంతకంటె విచిత్రము మరియొకటి. క్రొత్తగా చేర్చుమని జనులు కోరినవానిలో అనేకము లప్పటికే లోపల నున్నవి! "ఇది లేదు" అను మొరకు అసలర్థము "ఇది నాకు కానరాలేదు" అని. అడిగినదెల్ల చేర్చుటవలననే అడిగినది కానరాకపోయినది. 2007 ఆఫీసులో వా రా పాతమెనూలను, పట్టీలను తీసివేసి, పనిని బట్టి మీటలను కూర్చిన వెడల్పు పట్టీ నొకదానిని తెచ్చిరి. దానినే రిబ్బను అందురు. పాతచేతులు బిగ్గరగా మొరపెట్టినవి. అయినను వారొక మేలు చేసిరి: 2003లో ఆల్టు మీట నొక్కి అక్షరముల వరుసతో ఆజ్ఞ లిచ్చెడివారికి ఆ వరుసలు క్రొత్తదానిలోను పనిచేయునట్లు నిలిపిరి. ముఖము మారినను చేతికి తెలిసిన త్రోవ పూడిపోలేదు. రిబ్బను నిలిచినది.

అదే సంస్థ 2012 అక్టోబరులో విండోసు 8ని తెచ్చినప్పుడు కథ వేరుగా నడచెను. 1995 నుండి తెర యడుగున నుండిన స్టార్టు మీటను తీసివేసి, వ్రేలితో తాకు తెరలకు తగిన పెద్దపలకలను ముందు నిలిపిరి. బల్లమీద మౌసుతోను కీబోర్డుతోను పనిచేయువారు లోనికి పోవు ద్వారమే కానక తిరిగిరి. 2013 అక్టోబరులో 8.1తో ఆ మీట మరల వచ్చెను. 2015 జూలైలో విండోసు 10తో పాత మెనూయు నొక రూపమున మరల వచ్చెను. రెండుచోట్లను మొర పెద్దదే. కాని యొకచోట వాడువారికి వేరొక త్రోవ చూపి మార్చిరి; మరియొకచోట వేరొక పరికరమునకు కావలసినదానికై వీరి త్రోవను మూసిరి. మొర యెంత గట్టిగ నున్నదని గాక, అభ్యాసముతో తగ్గునా తగ్గదా యని చూడవలెనని మాకు దీనివలన తోచినది.

తగ్గునో తగ్గదో తెలిసికొనుట యెట్లు? ఉత్తరముల తారీఖులు చూడుమని మా వారు సూచించిరి. అమ్మాయి నేలమీద చాపపరచి వారము వారీగ వానిని పేర్చెను. రంగునుగూర్చిన మొరలన్నియు మొదటి రెండువారములవే. తరువాత నొక్కటియు లేదు. కండ్లు అలవాటుపడినవి. మీటలు పనిచేయవను మొరమాత్రము ప్రతివారమును వచ్చుచునే యున్నది. పైపెచ్చు మరుమరు ఉత్తరములలో మాట కురచయగుచు, విసుగు హెచ్చుచున్నది. చేయి దానికి అలవాటుపడలేదు, పడలేదు కూడ.

పాతచేయి యనగా మొండితనమని క్రొత్తతరమువా రొకప్పుడు తేలికగ తలచుదురు. దీనికి మన తెలుగు డీ.టీ.పీ. చరిత్రయే సమాధానము. మన సందులలో పెండ్లిపత్రికలు, పాఠ్యపుస్తకములు, విద్యార్థుల నివేదికలు కూర్చువారిలో అనేకులు పేజ్‌మేకరులో అను ఫాంట్లతో పని నేర్చినవారు. 1999లో అడోబీవారు ఇన్‌డిజైనును తెచ్చిరి. 2004లో పేజ్‌మేకరునకు ఇక క్రొత్తరూపములు లేవనిరి. పాతవారిని ఆకర్షించుటకై ఆ యేడే ఇన్‌డిజైనులో పేజ్‌మేకరు పట్టీని, పేజ్‌మేకరు మీటల వరుసను చేర్చి వేరొక కూర్పు విడుదలచేసిరి. చేతులనుగూర్చి వా రిది మంచి యాలోచనయే చేసిరి. అయినను మన తెలుగు కూర్పరులు చాలమంది పిదప చాలకాలము పేజ్‌మేకరును విడువలేదు. ఏలయన వారిని కట్టివేసినది మీటలు మాత్రమే కాదు. ఆ ఫాంట్లలోని తెలుగు యూనికోడు కాదు; ఏండ్లతరబడి కూర్చిన పుటలన్నియు ఆ లిపిలోనే యున్నవి. పాతఫైలు సరిగ తెరచుకొననిచో రేపటి కూలి లేదు. "కొత్తది నాకొద్దు" అను నొక్క మాటవెనుక ఇంత సంసార మున్నది. అడిగి తెలిసికొననివారికి అది మొండితనముగనే కానవచ్చును.

అట్లయిన పాతదియు క్రొత్తదియు రెండును ఉంచి, ఎవరికి కావలసినది వారిని ఏరుకొనుమనరాదా యని సోదరీమణు లడుగవచ్చును. ఉచితముగ దొరకు లిబ్రెఆఫీసువా రట్లే చేసిరి. 2017లో పరీక్షార్థముగ చూపి, 2019 నాటి 6.2 కూర్పులో, పాతమెనూలు కావలసినవారికి అవియే నిలిపి, రిబ్బనువంటిది కోరినవారికి దానిని ఇచ్చిరి. తెలుగు కీబోర్డు విషయమునను నిట్లే. ప్రభుత్వప్రమాణమైన ఇన్‌స్క్రిప్టు నేర్చినవారు కొందరు; ఆపిల్, మాడ్యులర్ అను వరుసలు నేర్చినవారు కొందరు; ఇంగ్లీషు అక్షరములతో కొట్టి తెలుగు రప్పించువారు మరికొందరు. ఎవరి చేతిని వారికి విడుచుట మేలు. కాని యేర్పాటులు ఊరక రావు. రెండు ముఖములున్నచో ప్రతి మార్పును రెండుమారులు చేయవలెను, రెండుమారులు పరీక్షింపవలెను, ఫోనులో సహాయ మడిగినవానికి "మీ తెర యేది?" అని మొదట అడుగవలెను. పదిమంది పనిచేయు చిన్నసంస్థ అయిదు ముఖములను పోషింపలేదు. కావున అందరికి అన్నియు నను నుపాయము కొందరికే సాధ్యము. తక్కినవారు ఎంచి తీరవలెను.

ఎంచుటకు ముందు ఒక్కసారి కంటితో చూడుమని చెప్పి పంపితిమి. ఆమె మరునాడు సెలవు పెట్టి, మెట్రోలో ఒక స్టేషను దూరము పోయి, మా వారి బడిలో ఫీజుకిటికీ వెనుక ముక్కాలిపీటమీద ఉదయమునుండి మధ్యాహ్నమువరకు కూర్చుండెను. ఏమియు అడుగలేదు, చూచినది. గుమాస్తాగారు నోట్లు లెక్కించుచు, "పాప పేరేమిటమ్మా, ఏ సెక్షను?" అని తల్లితో మాటాడుచు, ప్రతి రసీదునకును ఆ మాటను నడుమ తెంచి మౌసుకై వెదకుచుండిరి. రెండుమారులు నోట్ల లెక్క తప్పి మొదటినుండి లెక్కించిరి. ఉత్తరమున నాయన నోట్ల సంగతి వ్రాయలేదు. మీటల సంగతి మాత్రమే వ్రాసిరి. చూచినగాని తెలియనిది అదియే. "అమ్మా, నా చేయి మందగించిందని అందరూ అనుకుంటున్నారు" అని యాయన వెళ్లునప్పుడు చెప్పిరట.

ఆమె మొరలను నాలుగు కుప్పలు చేసెను. బిడ్డకుగాని, డబ్బునకుగాని చెరుపు చేయునది మొదటిది. అది యొక్కరు చెప్పినను వెంటనే దిద్దవలెను. నిత్యము చేయు పనికి త్రోవ మూయునది రెండవది. క్రొత్తముఖమును తీయకయే పాతమీటలకు మరల ప్రాణము పోయవలెను. దినమునకు రెండువందల రసీదులు తీయు చేతికి మీటలు. మూడునెలల కొకసారి వచ్చు కంటికి బొమ్మలు. ఈ రెంటికి నిజముగ విరోధము లేదు. ఒకే తెర యిరువురను భరింపగలదు. కొందరికి మాత్రమే కావలసినది మూడవది. అక్షరము పెద్దదిగను నల్లగను చేసికొను వీలు ఇట్టిది. రుచిభేదము నాలుగవది, దానికి కాలమే మందు. కరస్పాండెంటుగారి రంగుపటమును ఆమె ముందుతెరనుండి తప్పించి, ఆయన పేరుతో తెరచినప్పుడు మాత్రము కనబడునట్లు పెట్టవలెనని వ్రాసెను.

ఇచటనే చిక్కు వచ్చినది. సొమ్ము చెల్లించువారు కరస్పాండెంటులు, వాడువారు గుమాస్తాలు. ఇచ్చువాని కోరిక వెనుకబెట్టి, కోరుట చేతగానివాని కష్టము ముందు పెట్టుట యేమి వ్యాపారమని పైయధికారి కోపించెను. ఆమె ఉద్యోగమున చేరి రెండేండ్లయినను కాలేదు. హాస్టలు అద్దె, ఊరిలోని తలిదండ్రులు, అన్నియు నా జీతముమీదనే. అయినను వెనుదీయక, ఆ సున్నమార్కుల యుత్తరమును ఆయన బల్లమీద పెట్టి, "ఇది మన సార్ల పిల్లలకు జరిగితే?" అని మాత్ర మడిగెనట. ఆ దోషము వారములోపల దిద్దబడెను. మీటల మాట మాత్రము తరువాత చూతమని వాయిదా పడి, దసరాసెలవుల పిమ్మట గాని రాలేదు.

ఆ లోపల మా వారి బడిలో యాజమాన్యమువారు ఫీజుకిటికీకడ పడుచువాని నొకనిని కూర్చుండబెట్టి, గుమాస్తాగారిని వెనుకగదిలోని సామానుల రిజిష్టర్లకు మార్చిరి. పదవీవిరమణమునకు ఆయనకు రెండేండ్లున్నవి. మీటలు మరల వచ్చిన తరువాత నా పడుచువానికి వానిని నేర్పినది ఆయనయే. రెండునాళ్లలో వరుస గేటులోపలికి వచ్చెను. కాని యాయనను మరల కిటికీకడకు పిలువలేదు. చేయి మందగించినదని పడిన పేరు, తెర మారినంత సులభముగా మారదు. మొర న్యాయమైనదని తేలుటకు పట్టిన మూడునెలల ఖరీదు అది. దానిని చెల్లించినది మార్చినవారు కారు.

కావున ప్రోగ్రాములు చేయు బిడ్డలకు మేము చెప్పగోరునది కొంచెమే. ముఖమును మార్చుటకు ముందే నిత్యము వాడువారిప్రక్క ఒక పూట కూర్చుండుడు. మార్చినప్పుడు పాతత్రోవను వెంటనే పూడ్చక కొంతకాల ముంచుడు. మొరలను లెక్కింపక తూచుడు. కాదనునప్పుడు కారణము చెప్పి కాదనుడు. కారణము తెలిసినవారు కష్టమును కొంత యోర్చుకొందురు. నెలకొక మార్పు చేయకుడు. చేయి నేర్చుకొనుటకు వ్యవధి కావలెను.

వాడు సోదరీమణులకును ఒక మనవి కలదు. తెర మారి పని చెడినప్పుడు "ఏమీ బాగులేదు" అని యొక్క మాట వ్రాసి యూరకుండకుడు. ఏ పని చేయుచుండిరో, ఏది నొక్కితిరో, ఏమి కాగలదని తలచితిరో, ఏమి యైనదో వరుసగా వ్రాయుడు. ఆ పని దినమునకు ఎన్నిమారులు చేయుదురో చెప్పుడు. అందువలన ఎవరికి నష్టము కలుగుచున్నదో చెప్పుట మరువకుడు. ఒకరు పంపిన వాక్యమును పేరు మార్చి పంపవలదు. మీరు చూచినది మీ మాటలలో వ్రాసినచో నది వేరొక సాక్ష్యమగును. బాగున్నదానినిగూడ బాగున్నదని వ్రాయుడు. లేనియెడల గట్టిగ నఱచినవారి మాట విని మంచిదానిని తీసివేయుదురు. మూడునెలల కొకసారి మార్కులు ఎక్కించు నా ఉపాధ్యాయిని "పాతది తేవలదు" అని వ్రాసి యుండనిచో, మీటలతోబాటు ఆ నలుబది మీటల యడవియు మరల వచ్చియుండెడిది.

పెద్దపదవులలో నున్నవారి కోరికలు ఎట్లైనను వినబడును. జ్వరపడిన పిల్లవానికి సున్న వేయవలదని వ్రాసిన యా ఉపాధ్యాయిని తన ఉత్తరము నెవరైన చదువుదురని తలచి యుండకపోవచ్చును. అయినను వ్రాసెను. మనమును వ్రాయుదము.